ఎదురు తిరిగిన తీగ

పోయిన వారం కథను, మునవ్వర్‌ను తాష్కెంట్ రికార్డింగు స్టూడియో కంట్రోల్ గదిలో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ఆపాం. పదకొండేళ్లుగా ఆ కుర్చీ ఆమె గురువు గఫూర్‌జాన్‌ది. ఈరోజు, గురువారం ఉదయం, ఆయన, "కళ్లు తిరుగుతున్నాయి అమ్మాయ్, ఈరోజు మిక్సింగ్ బల్ల దగ్గర నువ్వు కూర్చో" అన్నాడు. ఆ సంతోషంలో ఆయన చేతికిచ్చిన కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టింది. అద్దానికి అవతల స్టూడియోలో, బేస్ డ్రమ్ము వెనక, యాభై నాలుగేళ్ల గెరాసిం ఖెగాయ్ కుడికాలి బూటు విప్పుకుంటున్నాడు. చోర్‌బోగ్ వాద్యబృందం పుట్టిన రోజు నుంచీ అందులో డ్రమ్ములు ఆయనవే; అందరికీ ఆయన ఆకా, అంటే అన్న. కాని రెండు వారాలుగా టేపు మీద ఆయన బేస్ డ్రమ్ము మోగడం లేదు. కాలు చచ్చిపోయిందని బృందం పెద్ద మీర్‌వాహిద్ తేల్చేశాడు. ఈరోజు కళామండలి ఎదుట ఆఖరి పరీక్ష. తప్పితే ప్రాగ్ కచేరీకి వెళ్లేవాళ్ల జాబితాలో ఖెగాయ్ పేరు కొట్టేసి, మీర్‌వాహిద్ బావమరిది నబిజాన్ పేరు రాస్తారు.

మొదటి టేపు వినిపించేసరికి పది దాటింది.

కంట్రోల్ గదిలో గోడ వారన మూడు కుర్చీల్లో మండలి సభ్యులు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ సనోబర్, అందరికీ ఓపా, అంటే అక్క, ఒకప్పుడు ఒపేరాలో పాడి తాష్కెంట్‌ను ఊపేసిన మనిషి. ఇప్పుడు మండలికి పెద్ద. ఆవిడ కళ్లు మూసుకుని వింది. రుబాబ్ వచ్చింది, తీగ వాయిద్యాలు వచ్చాయి, గాయకుడి గొంతు వచ్చింది. వాటన్నిటి కిందా నేలలా పరుచుకోవాల్సిన బేస్ డ్రమ్ము మాత్రం అట్టపెట్టె మీద వేలితో తట్టినట్టు టక్ టక్‌మంది.

మీర్‌వాహిద్ వంగి బల్ల మీది మైకు మీట నొక్కాడు. ఆ మీట నొక్కితే ఇవతలి మాట స్టూడియోలో అందరికీ వినిపిస్తుంది.

"గెరాసిం ఆకా, ఎవరింటి తలుపైనా కొడుతున్నారా? రండి రండి, గడియ తీసే ఉంది."

స్టూడియోలో రుబాబ్ వాయించే అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. గాయకుడు తల తిప్పుకున్నాడు. ఖెగాయ్ మాత్రం పెడల్ వైపే చూస్తూ, "మళ్లీ వాయిస్తాను" అన్నాడు.

"వాయించండి, వాయించండి. మీకు కాళ్లు రెండున్నాయి కదా. ఒకటి సరిపడకపోతే రెండోది. రెండూ కాకపోతే చేతికర్ర ఉండనే ఉంది."

మండలిలో లావుపాటి సభ్యుడొకడు కిసుక్కున నవ్వాడు. మీర్‌వాహిద్ మీట మీంచి వేలు తీయలేదు. ఆ నవ్వు కూడా అవతలికి వెళ్లాలని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మునవ్వర్ లేచింది. "మైకులు ఒకసారి సర్దొస్తాను ఓపా."

"వెళ్లిరా" అంది సనోబర్ కళ్లు తెరవకుండానే.

ఆమె స్టూడియోలోకి వెళ్లి డ్రమ్ము ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముందు చర్మం తీసేసి ఉంది. లోపల అడుగున మడిచి పరిచిన కుర్పాచా బొంత, దాని మీద ఒక మైకు. డ్రమ్ము మూతికి మూరెడు దూరంలో, మరో కుర్పాచా కప్పిన గూడు కింద, ఇంకో మైకు. ఈ అమరిక ఆమెకు నేర్పినవాడు ఖెగాయే. పదకొండేళ్ల కిందట, టేపు ముక్కలు అతికించే పనికి చేరిన కొత్తలో, పాటగాడికి పెట్టినట్టు డ్రమ్ము ఎదుట మైకు నిలబెట్టి అందరిచేతా నవ్వించుకుంది. ఖెగాయ్ నవ్వలేదు. ఆమెను నేల మీద పడుకోబెట్టి, తల డ్రమ్ములోకి దూర్చమని, పెడల్ మెల్లగా నొక్కాడు. "ఇది సుత్తి తగిలే చప్పుడు, చురుగ్గా ఉంటుంది. ఇప్పుడు కొంచెం వెనక్కి జరుగు. ఇది డ్రమ్ము కడుపు. ఇంకా వెనక్కి, పూర్తిగా బయటికి వచ్చెయ్. ఇప్పుడు వింటున్నది నేల. సుత్తి లేకపోతే దెబ్బ తెలియదు, నేల లేకపోతే బరువు తెలియదు. మైకంటే మరేం కాదమ్మా, నువ్వు పెట్టి వచ్చిన చెవి."

ఇప్పుడు ఆమె లోపలి మైకును సుత్తి తగిలే చర్మానికి నాలుగు వేళ్ల దూరానికి జరిపింది. సుత్తి గాలి నేరుగా కొట్టకుండా కాస్త పక్కకు తిప్పింది. తలెత్తితే ఎదురుగా ఖెగాయ్ కుడిపాదం. చీలమండకు పైన, మడమ వెనక, ఆయన భార్య ఉన్ని శాలువా చుట్టి ఉంది. దాని అంచు పైన కాలు ఉబ్బి మెరుస్తోంది.

"ఇదేంటి గెరాసిం ఆకా?"

"ఏముంది. కాలికి ఇసకసంచీ కట్టుకుని పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు సాధన చేస్తున్నా. రెండు వారాలైంది. ఇంకా బలం రాలేదు."

"ఇసకసంచీ కట్టుకున్నారా? ఈ వయసులోనా?"

"టేపులో నేనూ విన్నాను కదమ్మా. మీర్‌వాహిద్ అబద్ధం చెప్పలేదు. మైకును ఎందుకు కదుపుతావు? తప్పు మైకుది కాదు, నా కాలిది."

ఆమె మైకు మర బిగించి లేచింది. తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చుంది.

రెండోసారి కూడా అదే టక్ టక్. సనోబర్ ఓపా కళ్లు తెరిచి చేతిలోని జాబితా వంక చూసింది. మీర్‌వాహిద్ ఈసారి ఎగతాళి చేయలేదు, పెద్దగా నిట్టూర్చాడు. అది ఎగతాళికన్నా ఘోరంగా ఉంది.

"పాట ఇంకోసారి వెనక్కి తిప్పుతాను" అంది మునవ్వర్. టేపు వెనక్కి తిప్పి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రెండు వారాలుగా బల్ల దగ్గర గఫూర్‌జాన్ ఉంటే ఆమె స్టూడియోలో మైకులు సర్దుతూ ఉంది. అందువల్ల ఒక్కో మైకును విడిగా వినే అవకాశం ఇప్పటిదాకా రాలేదు. ఇప్పుడు బయటి మైకు మీటను పూర్తిగా కిందికి దించింది.

ధన్‌మంది. లోపలి మైకులో ఖెగాయ్ కాలు గట్టిగా, చురుగ్గా, నిండుగా ఉంది.

ఆమె టేపు మళ్లీ వెనక్కి తిప్పింది. లోపలిది దించి బయటిది లేపింది. గుండె కింద ఎవరో మొత్తినట్టు దిమ్ దిమ్మంది. అందులో ఎక్కడా కాలు చచ్చిన మనిషి లేడు. రెంటినీ కలిపి లేపింది. టక్ టక్.

రెండు మైకులూ ఒకే డ్రమ్మును వింటున్నాయి. ఒకటి ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతోంది. ఒకదాన్నొకటి తినేస్తే ఇక మిగిలేది పై చప్పుడే. అలా జరగాలంటే ఒక తీగ చివర రెండు కొసలు తారుమారు కావాలి. అవి వాటంతట అవి తారుమారు కావు.

"ఓపా, పది నిమిషాలు ఆగుదాం. టీ తాగి రండి."

సభ్యులు సంతోషంగా లేచారు. వరండాలో పియోలా గిన్నెల్లో పచ్చ టీ, కోసిన ఖర్బూజా ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. వాళ్ల వెనకే మీర్‌వాహిద్ కూడా వెళ్లాడు. మునవ్వర్ స్టూడియోలోకి పరుగెత్తి బయటి మైకు తీగ ఊడదీసి తెచ్చింది. బల్ల మీద పెట్టి ప్లగ్గు మర విప్పింది. లోపల టంకం కొత్తది, ఇంకా వెండిలా తళతళలాడుతోంది. ఎర్ర కొస ఉండాల్సిన చోట తెల్లది, తెల్లది ఉండాల్సిన చోట ఎర్రది. తీగ జారకుండా మెడ దగ్గర పచ్చ పట్టుదారం మూడు చుట్లు చుట్టి, లోపలికి మడిచిన ముడి.

ఆ ముడి ఈ భవనంలో ఇద్దరికే తెలుసు.

వెనక తలుపు తెరుచుకుంది. గఫూర్‌జాన్ వచ్చాడు. కళ్లు తిరుగుతున్నవాడిలా లేడు. చేతిలో సగం తిన్న సంసా ఉంది. ఆమె చేతిలోని ప్లగ్గు చూసి నమలడం ఆపాడు.

"విప్పేశావా" అన్నాడు.

"మీరేనా ఉస్తోజ్?" అని గురువును అడిగింది.

"తలుపు వెయ్."

"మీరేనా అని అడుగుతున్నాను."

"నేనే." ఆయన సంసా బల్ల అంచున పెట్టి చేతులు దులుపుకున్నాడు. "అరవకు. అతని కాలికి ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా ముసలితనం రాదా? కాస్త ముందుగా వచ్చిందనుకో."

"ఆయన కాలికి ఇసకసంచీ కట్టుకుంటున్నారు. చూశారా ఆ కాలు? బూరెలా వాచింది."

"నేను కట్టుకోమన్నానా?"

"మీ ఇంట్లో ఎన్ని నవ్‌రోజ్ పండగలకు తిన్నారాయన? మీ పెద్దమ్మాయి పెళ్లిలో పొద్దు గుంకేదాకా వాయించి, టీ తప్ప ఏం తీసుకోలేదు."

"పెళ్లి సంగతి ఎత్తకు." గఫూర్‌జాన్ గొంతు మొదటిసారి గరుకెక్కింది. "నాకు వచ్చే నెలతో అరవై. నన్ను ఉంచాలా ఇంటికి పంపాలా అన్నది మీర్‌వాహిద్ ఒక్క మాట మీద ఉంది. ఇంటికి పోయి ఏం చేయను? కిటికీలోంచి ట్రాములు లెక్కపెట్టనా? నీకు తెలియదు అమ్మాయ్. నువ్వింకా బతకాల్సినదానివి."

"నేను సనోబర్ ఓపాకు చెబుతాను."

"చెప్పు" అన్నారెవరో గుమ్మంలోంచి.

మీర్‌వాహిద్. చేతిలో పియోలా, పెదాల మీద ఖర్బూజా తడి. లోపలికి వచ్చి నెమ్మదిగా తలుపు మూశాడు.

"చెప్పాలనుంటే చెప్పు చెల్లెమ్మా. ముందు ఇది చదువుకో. పొద్దున చదవడం మరిచిపోయావట." జేబులోంచి కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. కింద ఆమె సంతకం. సంతకానికి పైన గఫూర్‌జాన్ చేతిరాత: సెప్టెంబరు ఇరవయ్యో తారీకు నుంచి ఈ రికార్డింగులో మైకులు, తీగలు సిద్ధం చేసి, పరీక్షించి, సరిగా ఉన్నాయని నిర్ధారించినది మునవ్వర్ యునుసొవా.

ఆమె రెండుసార్లు చదివింది.

"ఆ ముడి మీది" అంది గురువుతో.

"నీకు నేర్పింది నేనే కదా" అన్నాడు గఫూర్‌జాన్, ఆమె వంక చూడకుండా. "నీ ముడి, నా ముడి ఒకేలా ఉంటాయి. పక్కపక్కన పెడితే నేను కూడా చెప్పలేను ఏది ఎవరిదో."

మీర్‌వాహిద్ టీ ఒక గుక్క తాగాడు. "అంత భయపడకు. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. ముసలాయన్ను పూలదండ వేసి సాగనంపుదాం. సన్మానం చేస్తాం, నేనే మాట్లాడతాను, ఏడుపొచ్చేలా మాట్లాడతాను. వచ్చే నెల నుంచి ఈ కుర్చీలో అప్పుడప్పుడూ నువ్వు కూర్చోవచ్చు. నీకు కూర్చోవడం ఇష్టమేగా? పొద్దున నీ మొహం చూశాం."

మునవ్వర్‌కు మొహం వేడెక్కింది. పొద్దున నిజంగానే ఆ కుర్చీ చేతులను ఒకసారి నిమిరి చూసుకుంది. అదీ వాళ్లు చూశారు.

ఆమె లేచి, తీగ కొసతో సహా ప్లగ్గును కత్తిరించి జేబులో వేసుకుని, గోడ మేకుకు వేలాడుతున్న తీగల్లోంచి వేరేది తీసుకుంది. ఆపడానికి గఫూర్‌జాన్ ఒక అడుగు వేశాడు. మీర్‌వాహిద్ చేయి అడ్డం పెట్టాడు.

"పోనియ్" అన్నాడు. "ఏం చేస్తుందో చూద్దాం."

తీగ మీద ఆమె చేయి పడితే నేరమూ ఆమె మీదే పడుతుందన్న లెక్కతో ఆ మాట అన్నాడని ఆమెకు అప్పుడు తోచలేదు. స్టూడియోలోకి వెళ్లి బయటి మైకుకు కొత్త తీగ తగిలించింది. ఖెగాయ్ గోడకు ఆనుకుని కూర్చుని శాలువా బిగించుకుంటున్నాడు. ఆమె చెప్పబోయింది. కాని అప్పటికే మండలి తిరిగి వచ్చేసింది, అద్దం అవతల సనోబర్ ఓపా వేలితో గడియారం చూపిస్తోంది. ఖెగాయ్ చుట్టూ బృందం అంతా ఉంది. ఒక్క మాటలో చెప్పగలిగే సంగతి కాదది. లోపలికి వెళ్లి మీట నొక్కి చెబుదాంలే అనుకుని పరుగున వచ్చింది.

"ఆఖరిసారి ఓపా, ఒక్క పాట" అంది కుర్చీలో కూర్చుంటూ. మీట నొక్కింది. "గెరాసిం ఆకా, బలం పెట్టకండి. మామూలుగా వాయించండి. మీ కాలిది తప్పు కా..."

మీర్‌వాహిద్ అరచేయి ఆమె చేతి మీద పడింది. మీట నుంచి వేలిని లాగేసింది.

"ఇది పరీక్ష చెల్లెమ్మా. మధ్యలో సూచనలివ్వకూడదు. ఏమంటారు ఓపా?"

"నిజమే" అంది సనోబర్. "వాయించనీ."

ఆ మాట సగమే అవతలికి చేరింది. బృందం శ్రుతి చేసుకునే గోలలో 'బలం', 'మీ కాలిది తప్పు' అన్నవే ఖెగాయ్ చెవిన పడ్డాయని ఆమె అద్దంలోంచి ఆయన మొహం చూసి తెలుసుకుంది. ఆయన తలాడించి, శాలువా విప్పి పక్కన పెట్టాడు.

మునవ్వర్ రెండు మీటలూ లేపింది.

మొదటి దెబ్బకే బల్ల మీద సనోబర్ ఓపా పియోలాలో టీ వణికింది. రెండో దెబ్బకు లావుపాటి సభ్యుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తాష్కెంట్‌లో పెళ్లిళ్లకు ఊరంతటి చేతా చప్పట్లు కొట్టించిన డ్రమ్ము అది, నేల అడుగు నుంచి లేచి పాటనంతటినీ భుజాన వేసుకుని నడుస్తోంది. రుబాబ్ అతను తల తిప్పి ఖెగాయ్‌ను చూశాడు. గాయకుడి గొంతు తెరుచుకుంది. సనోబర్ ఓపా లేచి నిలబడి అద్దం దగ్గరకు వచ్చింది.

"ఇదెక్కడుంది ఇన్నాళ్లూ?" అంది.

ఖెగాయ్‌కు మాత్రం ఇదేమీ వినిపించదు. మిగతావాళ్లలా ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు లేవు. ఆయనకు తెలిసిందల్లా తన కాలు చాలడం లేదనే. అందుకని ప్రతి దెబ్బకూ తొడ లేపి, నడుము లేపి, మొత్తం మనిషిని పెడల్ మీద పడేస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. మునవ్వర్ అద్దం మీద రెండు చేతులతో కొట్టింది. ఆయన తలెత్తలేదు.

రెండో చరణం మధ్యలో, లోపలి మైకులో, ఒక చప్పుడు వచ్చింది. ఎండిన ద్రాక్షకొమ్మను మోకాలి మీద పెట్టి విరిచినట్టు. చిన్నదే. నాలుగు వేళ్ల దూరంలో ఉన్న మైకు దాన్ని గదంతా వినిపించింది.

ఆ తర్వాతి దెబ్బ రాలేదు.

మిగతా వాయిద్యాలు రెండు ఆవర్తనాలు నడిచి, ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఖెగాయ్ స్టూలు మీంచి పక్కకు ఒరిగి ఇత్తడి తాళాల మీద పడ్డాడు. మునవ్వర్ చేరుకునేసరికి నేల మీద మడమ పట్టుకుని ఉన్నాడు. మడమ వెనక, నరం ఉండాల్సిన చోట, వేలు దూరేంత గుంట. పాదం వేలాడుతోంది. ఆయన కేక వేయలేదు. చెమట కారుతున్న మొహంతో ఆమెనే అడిగాడు, "ఈసారైనా వినిపించిందా?"

"వినిపించింది ఆకా" అంది ఆమె. "రెండు వారాలుగా వినిపిస్తూనే ఉంది."

ఆయనకు అర్థం కాలేదు.

ఎవరో అంబులెన్సుకు ఫోను చేయడానికి పరుగెత్తారు. సనోబర్ ఓపా గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ చూపు మీర్‌వాహిద్ మీద ఉంది. "పొద్దుటి డ్రమ్ము, ఇప్పటి డ్రమ్ము ఒక్కటేనా? నాకు చెవులున్నాయి మీర్‌వాహిద్. ఈ మధ్యలో ఏం మారింది?"

"తీగ మారింది ఓపా" అంది మునవ్వర్. జేబులోంచి ప్లగ్గు తీసి చూపించింది. "ఇందులో కొసలు కావాలని తిప్పి పెట్టారు. అందుకే ఆయన డ్రమ్ము వినిపించలేదు."

"అయ్యో" అన్నాడు మీర్‌వాహిద్. ఆ అయ్యోలో నిజమైన బాధ ఉన్నట్టే ఉంది. "అంటే పాపం, మనం ఈ మహానుభావుణ్ని అన్యాయంగా... ఓపా, ఇది చూడండి." కాగితం ఆవిడకిచ్చాడు. "తీగలు ఎవరి పూచీయో ఇందులో ఉంది. సంతకంతో సహా. గంట కిందట కాదు, ఇరవయ్యో తారీకు నుంచి."

సనోబర్ చదివింది. ఖెగాయ్ చేయి చాపాడు. ఆవిడ కాస్త తటపటాయించి కాగితం ఆయనకిచ్చింది. ఆయన నేల మీదే, కాలు వేలాడుతుండగా, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే ఆకా. కాని..."

"తీగలు నువ్వే పరీక్షించావా?"

"ఉస్తోజ్!" అంది మునవ్వర్. గఫూర్‌జాన్ పెద్ద డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాడు. "ఈ టంకం ఎవరు వేశారో మీ నోటితో చెప్పండి. ఆయన కాలు చూస్తూ చెప్పండి."

గఫూర్‌జాన్ ఆ కాలు చూశాడు. పెదాలు కదిపాడు. మీర్‌వాహిద్ తన పియోలాలోకి చూసుకుంటూ ఉన్నాడు, తొందరేమీ లేనట్టు.

"ఈ అమ్మాయే" అన్నాడు గఫూర్‌జాన్. "నేను వద్దన్నాను. వినలేదు."

నరం తెగినప్పుడు రాని శబ్దం ఇప్పుడు ఖెగాయ్ గొంతులోంచి వచ్చింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మునవ్వర్ వైపు చూడకుండా, సనోబర్ ఓపాకు తిరిగి ఇచ్చాడు.

"ఈ పిల్లను నా కళ్ల ముందు నుంచి పంపేయండి" అన్నాడు. "తల డ్రమ్ములో పెట్టించి నేర్పాను దీనికి."

 సనోబర్ ఓపా ఆమె చేతిలోంచి ప్లగ్గు తీసుకుని, "నీ గేటు పాసు బల్ల మీద పెట్టు. పైనుంచి మనుషులు వచ్చి అడిగేదాకా ఈ భవనం దాటకు" అంది.

వెనక కుర్చీ కిర్రుమంది. పొద్దున్నుంచీ స్టూడియో మూల, డ్రమ్ము కర్రలు ఒళ్లో పెట్టుకుని, తన వంతు కోసం కూర్చున్న నబిజాన్ లేచాడు. ముప్ఫై ఐదేళ్ల భారీ మనిషి. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఖెగాయ్ వేలాడే పాదం మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు.

"కూర్చో నబిజాన్" అన్నాడు మీర్‌వాహిద్. "నిన్ను పిలుస్తాం."

"కూర్చోను బావా." అతను డ్రమ్ము కర్రలు రెండూ నేల మీద పెట్టేశాడు. "ఇరవయ్యో తారీకు సాధనకని నేను ముందే వచ్చాను. ఆ ప్లగ్గు విప్పిన మనిషిని చూశాను. పక్కన దీపం పట్టుకుని నిలబడ్డ మనిషినీ చూశాను."

మీర్‌వాహిద్ చేతిలోని పియోలా మొదటిసారి ఒలికింది.

"ఎవరు వాళ్లు?" అంది సనోబర్ ఓపా.

నబిజాన్ తలెత్తి బావ కళ్లలోకి చూశాడు. తర్వాత మునవ్వర్ వైపు తిరిగి, నోరు తెరిచాడు. మిగతాది వచ్చే వారం.